ముప్ఫయ్యోవాడు

పరుగుపందెం అనగానే మన కళ్లముందు కనిపించేవి చదునైన మైదానం, సున్నపు గీతలు, గడియారం చేతబట్టుకు నిలబడ్డ పెద్దమనిషి. క్రాస్ కంట్రీ పరుగులో చదునూ వుండదు, గీతలూ వుండవు. గడియారం వుంటుంది గాని దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. గడ్డి, బురద, మెట్ట ఎక్కడం, పల్లం దిగడం, ఒక్కోచోట అడ్డంగా వేసిన దుంగలు - వీటిమీదుగా పెద్దవాళ్ల పందెమైతే పది కిలోమీటర్లు. ఒక వూరి మెట్ట మరో వూరి మెట్టలా వుండదు గనక ఈ ఆటలో ప్రపంచ రికార్డన్నదే లేదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదే లెక్క. ఎంత వేగం తనకు తగునో పరుగెత్తేవాడికి వాడి ఊపిరే చెప్పాలి. ఇరవయ్యేళ్ల వయసులో ఊపిరి చెప్పే మాట ఎవరు వింటారు? చుట్టూ సొంతవూరి జనం కేకలు పెడుతుంటే మరీనూ!

2017 మార్చి 26న ఉగాండా రాజధాని కంపాలాలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ ఏడు ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలు అక్కడ, కొలోలో మైదానంలో పెట్టారు. 1962 అక్టోబరులో ఉగాండా స్వతంత్ర పతాకం ఎగిరింది ఆ నేలమీదే. అటువంటి చోట తమవాడు ప్రపంచ విజేత అయితే ఆ జనానికి ఎలా వుంటుందో వేరే చెప్పాలా? అప్పటికే ఇరవయ్యేళ్ల లోపువారి పందెంలో జేకబ్ కిప్లిమో అనే పదహారేళ్ల పిల్లవాడు బంగారు పతకం గెలిచి ఆశ పెంచేశాడు. ఇక పెద్దవాళ్ల పందెం మిగిలింది. అందరి కళ్లూ జాషువా చెప్టెగై మీద. (నోరు తిరగని పేరే, అయినా గుర్తు పెట్టుకోదగ్గ పేరు.) ఎల్గాన్ పర్వతపు వాలున వున్న కప్చోర్వా ప్రాంతంవాడు. 2014లో అమెరికాలోని యూజీన్‌లో పదివేల మీటర్ల పరుగులో జూనియర్లకు ప్రపంచ విజేత.

కుర్రవాడు ఆగలేదు. కెన్యా యోధుడు జెఫ్రీ కామ్వోరోర్, అంతకుముందు 2015 పోటీల్లో గెలిచినవాడు, వెనకనే వున్నాడు. వాణ్ణి వదిలేసి చెప్టెగై ఒంటరిగా ముందుకు దూసుకుపోయాడు. ఆఖరి చుట్టు మొదలయ్యేసరికి వెనకవాళ్లకు అందనంత దూరంలో వున్నాడు. మైదానం హోరెత్తిపోయింది.

అంతలో కాళ్లు తడబడ్డాయి.

పరుగెత్తేవాడి ఒంట్లో పుట్టే శక్తిలో ముప్పాతిక వంతుకు పైగా వేడిగానే తేలుతుంది. ఆ వేడిని బయటికి పంపేది చెమట. గాలిలో తేమ వుంటే చెమట కారుతుందే గాని ఆరదు. మన కోస్తా ఉక్కపోత ఎరిగినవారికి ఈ సంగతి పుస్తకాలు చెప్పనక్కర్లేదు. చల్లబరచడానికి నెత్తురు చర్మంవైపు పరుగు తీస్తుంది, అదే నెత్తురు కోసం కండరాలూ అరుస్తాయి. కంపాలా భూమధ్యరేఖకు పక్కనే వుంది. ఆవేశం కొద్దీ ముందే ఖర్చు పెట్టేసినవాడికి ఆఖరి కిలోమీటరులో నిలువ ఏమీ మిగలదు. కామ్వోరోర్ వచ్చాడు, దాటాడు, గెలిచాడు. ఆ తరువాత ఒకరి వెనక ఒకరు మరో ఇరవయ్యెనిమిదిమంది దాటారు. జనం నోట మాట లేదు. తూలుతూ, నడకో పరుగో తెలియని తీరులో ఆ కుర్రవాడు గీత దాటాడు. ముప్ఫయ్యోవాడు.

పత్రికలన్నీ ఆ పతనాన్ని రాశాయి. నాకు మాత్రం ఆ మిగిలిన కాస్త దూరమే ముఖ్యంగా తోస్తుంది. కూర్చుండిపోతే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. అయితే క్రాస్ కంట్రీలో జట్టు లెక్క ఒకటి వుంది. దేశానికి ఆరుగురు పరుగెత్తితే ముందు వచ్చిన నలుగురి స్థానాలు కూడుతారు. మొత్తం ఎవరికి తక్కువైతే వారిది గెలుపు. ముప్ఫయ్యో స్థానమైనా ఒక అంకే. మధ్యలో మానేసినవాడికి అంకె లేదు.

ఆ అంకె విలువ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో బాగా తెలిసింది. జూలై 12న మండుటెండలో ముప్ఫయ్యెనిమిదిమంది బయలుదేరితే చివరిదాకా వచ్చినవారు పదిహేనుగురు. ఫిన్లండు వీరుడు పావో నూర్మీ ఏమీ ఎరగనట్టు మొదట వచ్చాడు, రెండోవాడు రిటోలా కూడా ఫిన్లండు వాడే. కాని జట్టు పతకానికి ముగ్గురు కావాలి. సొమ్మసిల్లిపోతూ పన్నెండో స్థానంలో వచ్చిన లీమటైనెన్ లేకపోతే నూర్మీ ఎంత ముందు వచ్చినా జట్టుకు బంగారం దక్కేది కాదు. ఆ రోజు చూసినవారు హడలిపోయి క్రాస్ కంట్రీని ఒలింపిక్స్ నుంచే తీసేశారు.

చెప్టెగై సంగతికి వద్దాం. అదే 2017 ఆగస్టులో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో పదివేల మీటర్ల పరుగులో మో ఫరా వెనకనే వచ్చి వెండి పతకం తీసుకున్నాడు. అయితే అది చదునైన మైదానం. గడ్డిమీది బాకీ తీరడానికి రెండేళ్లు పట్టింది.

2019 మార్చి 30, డెన్మార్కులో ఆర్హుస్ పట్టణం. అక్కడ మ్యూజియం ఒకటి వుంది. దాని కప్పు ఏటవాలుగా నేలనుంచి లేస్తుంది, పైన పచ్చగడ్డి. పందెగాళ్లను ఆ కప్పుమీదికే ఎక్కించారు, ప్రతి చుట్టులోనూ! ఇంటికప్పు మీద పరుగేమిటని నవ్వుకున్నా, ఎక్కినవాళ్లకు మాత్రం అది నవ్వులాట కాదు. ఈసారి చెప్టెగై మొదటివాడు. నాలుగు సెకన్ల వెనక కంపాలా పిల్లవాడు కిప్లిమో. మూడోవాడు కామ్వోరోర్. జట్టు పతకమూ ఉగాండాదే. ఆ కూడికలో చెప్టెగై వేసిన అంకె ఒకటి.

2020లో అయిదువేల మీటర్లకూ పదివేల మీటర్లకూ ప్రపంచ రికార్డులు నెలకొల్పాడు. 2024లో పారిస్‌లోనే పదివేల మీటర్ల ఒలింపిక్ బంగారం గెలిచాడు. ఈ రెంటి మధ్యా, 2023లో, ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ మెట్టలమీద మళ్లీ గడ్డి తొక్కాడు. అక్కడ కిప్లిమో మొదటివాడు, చెప్టెగై మూడోవాడు.