వెనక నుంచి గుద్దితే తప్పంతా మనదేనా?

తెల్లవారుజాము అయిదున్నర. జనవరి చలి. అనంతపురం నుంచి బయల్దేరి రాప్తాడు దాటారు. బెంగళూరు వెళ్లే నలభైనాలుగో నంబరు జాతీయ రహదారి. టీ అంగడి దీపం ఒక్క క్షణం మినుక్కుమని మాయమైంది. ముందంతా తెల్లటి తెర. వాన చినుక్కి మొహం వాచిన నేలే గానీ, చలికాలంలో మంచుకు మాత్రం కరవుండదు!

ఆ తెర వెనక ఏముంటుంది? నిద్రొచ్చి డ్రైవరు ఎడమ పక్కన ఆపేసిన లారీ ఉండొచ్చు. వెనక దీపాలుండవు. టైరు పేలితే పెట్టుకున్న నాలుగు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ ఉండొచ్చు. లారీ బాగుపడి వెళ్లిపోతుంది, రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. సర్వీసు రోడ్డు మీదికి దిగితే నూర్పిడికి పరిచిన ఉలవలో, కందికట్టెలో.

2023 అక్టోబరు 26 ఉదయం ఇదే రహదారి మీద, చిక్కబళ్లాపురం దగ్గర ఆగివున్న ట్యాంకరును టాటా సుమో వెనక నుంచి ఢీకొంది. పన్నెండు మందికి పైగా చనిపోయారు. మన గోరంట్ల వైపు వాళ్లూ అందులో ఉన్నారు. పొగమంచులో ట్యాంకరు కనిపించలేదన్నదే అప్పుడు వినిపించిన కారణం.

ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతి ఇంటా ఓ మాట వినిపిస్తుంది. 'మనోడే కదప్పా వెనక నుంచి పోయి గుద్దింది, ఇంక మనకేమొస్తాది?' చెప్పేది పెద్దమనుషులు. వినేది భర్తనో, కొడుకునో పోగొట్టుకున్న మనిషి. ఏ పదివేలో చేతిలో పెడితే రాజీ కాగితం మీద వేలిముద్ర పడిపోతుంది.

ఆ మాట సగమే నిజం. దారికి అడ్డంగా, ప్రమాదకరంగా బండి వదిలి వెళ్లకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. ఇక వెనక నుంచి వచ్చినవాడూ చూపు ఆనే మేరకే వేగం పెట్టుకోవాలి. మంచులో ఎనభైలో వెళ్తే తప్పులో కొంత వాటా అతనికీ పడుతుంది, పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. అయితే వెనక నుంచి గుద్దినంత మాత్రాన వాటా వేసెయ్యడం కుదరదు. 2011 డిసెంబరులో ఓ రాత్రి ఉత్తరాదిన దీపాల్లేకుండా రోడ్డు మీద నిలిపిన గ్యాస్ ట్యాంకరును ఓ కారు గుద్దింది. డ్రైవరుకూ సగం తప్పుందని హైకోర్టు అంది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కర్ణాటకలో నడిరోడ్డు మీద వదిలేసిన ట్రైలర్ కేసులోనూ 2024లో అలాగే తీర్పిచ్చింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బండిలో ఊరికే కూర్చున్న ప్రయాణికుడికి డ్రైవరు తప్పులో వాటా అంటగట్టకూడదు. రెండు బళ్ల తప్పూ ఉంటే, ఏ బండి యజమాని, బీమా కంపెనీ నుంచైనా అతని కుటుంబం మొత్తం పరిహారం అడగొచ్చు. ఎవరి వాటా ఎంతన్నది తర్వాత వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.

కావాల్సింది సాక్ష్యం. పొద్దెక్కేసరికి మంచు విడిపోతుంది, లారీని పక్కకి తీసేస్తారు. ఇక దీపాలు లేవని ఎవరు చెప్పాలి? అందుకే క్షతగాత్రులను పంపించిన వెంటనే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. లారీ నంబరు, వెనక దీపాలు, ఎర్ర త్రికోణం ఉందా లేదా, తారు మీద బ్రేకు గీతలు... అన్నీ కనిపించాలి. హైవే సాయానికి 1033కి ఫోన్ చేయండి. ఎఫ్ఐఆర్‌లో 'ఆగివున్న లారీ' అని రాసి ఊరుకుంటే ఒప్పుకోకండి. 'దీపాల్లేకుండా ఆగివున్న' అని రాయించండి. ఆ ఒక్క మాట విలువ లక్షల్లో ఉంటుంది.

మీరుండే చోటు పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు. ప్రమాదం కర్ణాటకలో జరిగిందని అక్కడికి తిరగక్కర్లేదు. 2022 ఏప్రిల్ నుంచి దీనికి ఆరునెలల గడువు పెట్టారు. ఆ గడువు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది గానీ, దాని మీద ఆశతో కర్మకాండలు, సంవత్సరీకం అంటూ జాప్యం చేయకండి. గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే మరణానికి 2 లక్షలు, తీవ్రగాయాలకు 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. దానికి రెవెన్యూ అధికారికి అర్జీ పెట్టుకోవాలి.

ఇక కల్లాల విషయం. రైతును తిట్టడం తేలికే. చదునైన సిమెంటు కల్లం ఊళ్లో ఉంటే తారురోడ్డు మీదికి ఎందుకొస్తాడు? అయినా రాత్రి పట్ట కప్పి చుట్టూ రాళ్లు పేర్చి వెళ్లిపోవడాన్ని మాత్రం సమర్థించలేం. దారికి అడ్డం పెడితే పాత శిక్షాస్మృతిలో జరిమానా 200 రూపాయలుండేది, 2024 జులైలో వచ్చిన న్యాయసంహితలో అది 5 వేల దాకా పెరిగింది. ప్రాణం పోతే ఆ సెక్షన్ ఒక్కదానితో ఆగదు.

ఆ రాళ్లు తగిలి మోటారుసైకిల్ పడితే? అక్కడ ఇంకో బండి లేదు. కాబట్టి థర్డ్ పార్టీ బీమా పనికిరాదు. సొంత బండి నడుపుతూ, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నవాళ్లకు అక్కరకొచ్చేది 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. తమ్ముడి బండి అడిగి తీసుకెళ్తే అదీ వర్తించదు. పాలసీ కాగితం ఇంట్లోనే ఉంటుంది కదా. 'ఓనర్ డ్రైవర్ పీఏ' అన్న వరుస పక్కన అంకె ఉందో, గీత ఉందో ఇవాళే తీసి చూసుకోండి.