దాచుకోవలసిన బాధ కాదు

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న అల్ఫారెట్టాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కాన్పుల వేళ స్వదేశం నుండి తల్లులు, అత్తలు సాయంగా వస్తుంటారు. మధుమేహం, రక్తపోటు గురించి ఆ ఇళ్ళలో నిస్సంకోచంగా మాట్లాడుకుంటారు. దగ్గినా, తుమ్మినా మూత్రం జారిపోయే బాధను మాత్రం తల్లి కూతురికి చెప్పదు, కూతురు తల్లికి చెప్పదు. "పిల్లల్ని కన్నవాళ్ళకు ఇది మామూలే" అన్న మాటతో విషయం ముగిసిపోతుంది. ఈ ధోరణి మారవలసి ఉన్నది. ఇది తరచుగా కనిపించే బాధయే గాని, భరించి తీరవలసిన బాధ కాదు.

ఉట్టి కుండలను మోసినట్లు, కటి ఎముకల అడుగున ఉండే కండరాలు మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని, పురీషనాళాన్ని మోస్తాయి. గర్భభారం, కాన్పు, వయస్సు, దీర్ఘకాలపు మలబద్ధకం వీటిని సడలిస్తాయి. ప్రోస్టేట్ శస్త్రచికిత్స పిమ్మట పురుషులకు కూడ ఇట్టి ఇబ్బంది కలుగవచ్చును. 1948లో అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచురించిన వ్యాసంతో ఈ కండరాల వ్యాయామం ప్రసిద్ధికెక్కింది. దగ్గినప్పుడు మూత్రం జారే స్త్రీలకు ఆ వ్యాయామమే మొదటి చికిత్స అని 2014లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించింది. యోగంలోని మూలబంధం కూడ ఈ కండరాలను బిగించేదే.

చాలామందికి భయమంతా మొదటి సందర్శనం గురించియే. ఆనాడు ఎక్కువ కాలం మాటలతోనే గడుస్తుంది: ఎన్ని కాన్పులు, ఎంత నీరు త్రాగేది, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళేది. పిమ్మట శ్వాసను, నడుమును, పొట్ట కండరాలను చూస్తారు. అవసరమైనచో, రోగి సమ్మతిస్తేనే, చేతికి తొడుగు వేసుకొని ఒక వ్రేలితో లోపలి కండరాల బలాన్ని పరీక్షిస్తారు. వద్దనడానికి, మధ్యలో ఆపమనడానికి రోగికి పూర్తి హక్కు ఉన్నది. మహిళా థెరపిస్టును కోరవచ్చును. ఇంగ్లీషు రాని తల్లికి కూతురే దుభాషిగా ఉండనక్కరలేదు; ప్రభుత్వ నిధులు పొందే వైద్యశాలలు దుభాషిని ఉచితంగా సమకూర్చవలసి ఉంటుంది.

కొందరిలో ఈ కండరాలు సడలి ఉండవు, బిగుసుకొని ఉంటాయి. అట్టివారు పుస్తకం చూసి బిగింపు వ్యాయామాలు చేస్తే నొప్పి హెచ్చవచ్చును; వారికి కండరాలను వదులు చేయడం నేర్పుతారు. పరీక్ష అవసరం ఇందుకే. ఫలితం ఒక్కనాటిలో రాదు. ఇంటివద్ద నిత్యసాధనతో సుమారు మూడు నెలలు పడుతుంది. మూత్రంలో రక్తం, మంట, జ్వరం ఉన్నచో ముందుగా వైద్యుని చూడవలెను.

2015 నాటి జార్జియా చట్టం ప్రకారం, తగిన అర్హత గల థెరపిస్టు వద్ద వైద్యుని సిఫారసు లేకుండానే 21 రోజులు లేదా 8 సందర్శనాలు, ఏది ముందైతే అంతవరకు చికిత్స పొందవచ్చును. బీమా షరతులను మాత్రం ముందే విచారించుకోవడం మంచిది.

ఫ్రాన్సులో బాలింతలకు ఈ చికిత్సను ప్రభుత్వ ఆరోగ్య బీమాయే సమకూరుస్తున్నది. పథ్యం, నడికట్టు, నూనె స్నానం వంటి బాలింత పరిచర్యలను శ్రద్ధగా పాటించే తెలుగు కుటుంబాలు ఈ కండరాల సంరక్షణను కూడ వాటిలో చేర్చుకోవడం ఎంతైనా సమంజసం. ఆ మాట ఇంట్లోని పెద్దామె నోట ముందుగా వస్తే, బాలింత సంకోచం సగం తీరుతుంది. ఆ పెద్దామె ఏళ్ళ తరబడి దాచుకున్న బాధకూ దారి దొరుకుతుంది.