ఒక నిందకు సవరణ

ఈ సంచికలో చోటు పంచుకొంటున్న రెండు భాషలూ ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో వున్నాయి. ప్రభుత్వం ఏ ప్రాంతాన్నయినా అలక్ష్యం చేస్తే తెలుగువారు దానిని "సవతితల్లి ప్రేమ" అంటారు. ఉర్దూవారు "సౌతేలా సులూక్" అంటారు. అన్యాయానికి ఒక పేరు కావలసివచ్చినప్పుడల్లా మనం ఒకే ఇల్లాలిని వేలెత్తి చూపుతున్నాము. అటువంటి ఇల్లాలి చేతి అన్నం తిని పెరిగినవాడిగా, ఆ మాటను గురించి నాకొక విన్నపం వున్నది.

ఈ నింద పాతదే. ధ్రువుణ్ణి తండ్రి తొడ ఎక్కనీయని సురుచి, రాముణ్ణి అడవికి పంపిన కైక మనకు చిన్ననాటినుండీ పరిచితులే. రాజమహేంద్రవరానికి ముడివేసి చెప్పుకొనే సారంగధరుని కథను చేమకూర వేంకటకవి కావ్యం చేశాడు. నాటక సమాజాలు ఊరూరా ఆడాయి. 1957లో అది చలనచిత్రంగానూ వచ్చింది. అయితే సవతి కుమారునికి తోడుగా కన్నకొడుకును అడవికి పంపిన సుమిత్ర కూడా రామాయణంలోనే వున్నది గదా! కైక సామెతల కెక్కింది, సుమిత్ర ఎక్కలేదు.

మాది అనకాపల్లి. మా తండ్రిగారు బెల్లం బజారులో దిమ్మలు తూచే పని చేసేవారు. నా ఎనిమిదవ యేట మా అమ్మ కన్నుమూసింది. ఏడాది తిరిగేలోగా శారదా నది అవతలి పల్లెనుండి, చెరకు రైతు ఇంటి ఆడపడుచు ఒకామె మా ఇంటికి వచ్చింది. ఆమెను మేము పిన్ని అనేవాళ్ళము. ఆమె మా అమ్మ ముఖమైనా ఎరుగదు. అయినా వచ్చిననాటినుండి "అక్క" అనే పిలిచింది. గోడమీది ఛాయాచిత్రాన్ని లోపలి గదిలో పెట్టమని బంధువులు చెప్పినప్పుడు, "అక్క ఇల్లు ఇది. నేను తరవాత వచ్చినదాన్ని" అన్నది. ఆ పటం అక్కడే వుండిపోయింది.

ఆమె మా ఇంట మూడు ఆచారాలు నెలకొల్పింది. మొదటిది కొత్త బెల్లపు ఆచారం. ఆ యేటి కొత్త బెల్లం బజారులోకి రాగానే తొలి దిమ్మను కొని, మేము నోట వేసుకొనకముందే సగం పగులగొట్టి డబ్బాలో పెట్టి, నాచేత మా అమ్మమ్మగారింటికి పంపేది. కూతురి స్థానంలోకి వచ్చినదానిమీద మా అమ్మమ్మకు మనసు విరిగి వుండేది. మొదటి రెండేళ్ళు డబ్బాను మూతయినా తీయకుండా తిప్పి పంపింది. పిన్ని మాటాడలేదు, మూడవయేట మళ్ళీ పంపింది. ఆ యేడు డబ్బా అరిసెలతో తిరిగివచ్చింది. మేనమామలతో మా రాకపోకలు ఈనాటికీ తెగిపోలేదంటే కారణం ఆ డబ్బాయే.

రెండవది, ఆవకాయ కలిపిన నాటి ఆచారం. కలిపిన పళ్ళెంలోనే వేడి అన్నం వేసి ముద్దలు పెట్టడం అన్ని ఇళ్ళలోనూ వున్నదే. మా ఇంట తొలిముద్ద వయసు వరుసన పెద్దవాణ్ణయిన నాకు, పిమ్మట మా చెల్లెలికి, ఆ తరువాతనే ఆమె కన్న ఇద్దరికీ. చంటివాడు ఏడ్చినా వరుస తప్పేది కాదు.

మూడవది మా అమ్మ తిథినాటిది. ఆ సాయంత్రం దీపం పెట్టి అందరినీ కూర్చుండబెట్టి, "అక్కను గురించి ఒక మాట చెప్పు బాబూ, తమ్ముడు ఆమెను చూడలేదు" అనేది. యేటికొక జ్ఞాపకం చెప్పాలి, చెప్పినదే చెప్పరాదు. మా అమ్మ ముఖం నాకు చెరగిపోకుండా నిలిచినది ఈ విధంగానే.

ఇంత చేసినా, ఎనిమిదవ తరగతి చదివేరోజులలో ఒకనాడు ఇరుగుపొరుగు మాటలు విని, నలుగురి ఎదుటా "నువ్వు మా అమ్మవు కాదు" అన్నాను. "కాను బాబూ" అన్నదామె. కొంచెంసేపటికి, "చెరకు నరికేసినా దుబ్బు బతికే వుంటుంది. నీళ్ళు పెడితే కార్శి తోట లేస్తుంది. మొక్క నాటింది అక్క. నీళ్ళు పెట్టడం నా పని" అన్నది. క్షమాపణ చెప్పడం ఆనాడు నాకు చేతకాలేదు. ఎన్నో యేళ్ళకు, ఆమె చివరి జబ్బులో ఆసుపత్రి కాగితంలో "రోగికి ఏమవుతారు" అన్న ప్రశ్న ఎదురైనప్పుడు, "కుమారుడు" అని వ్రాసి ఆమెకు చదివి వినిపించాను. నా క్షమాపణ అంతే.

చెడ్డ సవతితల్లులూ, సవతి తండ్రులూ లేరని నేను అనను. కన్నవారిలోనూ కఠినులున్నారు, కాని వారిని బట్టి "కన్నతల్లి ప్రేమ" అన్న మాటకు ఎవ్వరూ విపరీతార్థం కల్పించలేదు. నేను గ్రహించినది ఒకటే. రక్తబంధం వున్న ఇంట ఆచారాలు వారసత్వంగా వస్తాయి. మారు తల్లిదండ్రులు వాటిని ఆలోచించి కట్టుకోవాలి. పాతదానిని చెరపకుండా కొత్తది కట్టడం కష్టం.

సవతి తండ్రి నేర్పిన ఒక మర్యాద ప్రపంచమంతటా నిలిచిన ఉదాహరణ మన విద్యార్థులలో పలువురికి తెలిసినదే. అబూ సలమా మరణానంతరం ఆయన భార్య ఉమ్మె సలమాను ప్రవక్త మహమ్మద్ వివాహమాడారు. ఆమె కుమారుడు ఉమర్ బాలుడుగా పళ్ళెమంతా చేయి త్రిప్పుతూ తింటూవుంటే, దైవనామం తలచి, కుడిచేతితో, తనకు దగ్గరగా వున్నదానిని తినమని ఆయన నేర్పారు. ఈ వృత్తాంతాన్ని పెద్దవాడైన పిమ్మట చెప్పినవాడు ఆ బాలుడే. నేడు కోట్లాది భోజనాలలో పాటిస్తున్న ఆ మర్యాద ఒక సవతి కుమారుని జ్ఞాపకంగా మనకు దక్కినది.

చట్టం కూడా ఈ బంధాన్ని గుర్తించింది. బిడ్డలు లేని సవతితల్లి వితంతువైనా, భర్త పోషించలేని స్థితిలో వున్నా, సవతి కుమారునినుండి మనోవర్తి కోరవచ్చునని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం "తల్లిదండ్రులు" అన్న మాటలోనే సవతి తల్లిని, సవతి తండ్రిని చేర్చింది. శాసనం ఒప్పుకొన్నదానిని మన నోళ్ళు ఇంకా ఒప్పుకోవడంలేదు.

కావున కళాశాల సంఘంవారికి నా మనవి: ప్రవేశ దరఖాస్తులో తల్లి, తండ్రి అన్న గడుల ప్రక్కన "పెంచినవారు" అని మరొక గడి ఉండాలి, వార్షికోత్సవ ఆహ్వానం వారి పేరనే వెళ్ళాలి. కన్నవారి పేరు వ్రాసి పెంచినవారిని దాచుకొనే అవస్థ ఏ విద్యార్థికీ కలుగరాదు. విద్యార్థులారా, మీ తోటివానికి ఇంట సవతితల్లి వున్నదని తెలిస్తే జాలిపడకండి; వారింటి ఆచారం ఏమిటో అడగండి.

మా పిన్ని పోయిన తరువాత కూడా కొత్త బెల్లం వస్తూనే వున్నది. తొలి దిమ్మలో సగం మా మేనమామగారింటికి పోతున్నది. ఆ పటం ప్రక్కన ఇప్పుడు ఇంకొక పటం వున్నది. తిథి సాయంత్రాలు రెండయినాయి. రెండవనాడు నన్ను మాట చెప్పమని అడిగేది, ఆవకాయ ముద్దకు ఏడ్చిన ఆ తమ్ముడే.