సుత్తా, గన్నా? ముందు మేకు తల చూడండి!

ఇల్లు కట్టించే విషయంలో మన సాఫ్టువేరు జనంలో రెండు పార్టీలున్నాయి. "మిషన్‌తో కొట్టింది నిలబడదండీ, చేత్తో కొట్టించాలి" అనేది ఒకటి. "ఈ రోజుల్లో కూడా సుత్తేంటి బాబూ, గన్‌తో అయితే రెండ్రోజుల పని" అనేది ఇంకోటి. డల్లాస్‌లో ఇంటి గోడకి సైడింగ్ బిగించినా, కోహీర్‌లో నాన్నగారు వేసుకునే షెడ్డుకి రేకులు బిగించినా ఇదే గొడవ. నా మటుకు నాకు రెండు పార్టీలదీ ఒకటే తప్పు అనిపిస్తుంది. అందరూ పనిముట్టుని చూసేవాళ్ళే, మేకు తలని చూసేవాడు ఒక్కడూ లేడు.

సైడింగ్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి ఒక ముక్క. అమెరికాలో చాలా ఇళ్ళది చెక్క ఫ్రేము. వాననీళ్ళు లోపలికి పోకుండా బయట వరసలుగా బిగించే పలకలే సైడింగ్. వినైల్ పలక ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పన్నెండడుగుల పలక అర అంగుళం దాకా కదులుతుంది. అందుకే దానికి పొడుగాటి గాడి పెడతారు. మేకు ఆ గాడి మధ్యలో పడాలి, తల కింద 1/32 అంగుళం సందు ఉండాలి. బిగించి కొడితే పలక కదల్లేక ఉబ్బి వంకర్లు పోతుంది. ఫైబర్ సిమెంటు పలకకి ఇంకో లెక్క. మేకు తల పలకతో సమానంగా ఆగాలి. లోపలికి దిగబడితే పలక చితికి పట్టు పోతుంది.

గన్ ప్రతిసారీ ఒకే బలంతో కొడుతుంది, నిజమే. వెనకున్న చెక్క మాత్రం ఒకచోట మెత్తన, ఒకచోట ముడి. పొద్దున ప్రెషర్ సెట్ చేసి సాయంత్రం దాకా అటు చూడకపోతే ఏమవుతుందో చెప్పాలా? పోనీ చెయ్యి గొప్పదా? మొదటి యాభై మేకులకి గొప్పదే. మండుటెండలో నిచ్చెన మీద మూడొందలో మేకు కొట్టేవాడి చేతిని నమ్మమంటే నేను నమ్మను.

అసలు కిటుకు ఇక్కడుంది. పైకి మిగిలిన మేకుని ఒక్క సుత్తి దెబ్బతో సరిచెయ్యొచ్చు. లోతుగా దిగిపోయినదాన్ని వెనక్కి రప్పించలేం. కాబట్టి ఫైబర్ సిమెంటుకి గన్ లోతు కాస్త తక్కువగా పెట్టుకుని, ఆఖరి దెబ్బ సుత్తితో వెయ్యాలి. వినైల్‌కి అయితే సందు ఉంచే తొడుగు గన్‌కి తగిలించాలి, లేదంటే సుత్తే దిక్కు.

ఇప్పుడు కోహీర్‌కి వద్దాం. చలికాలంలో తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రత అంటూ వార్తల్లో తరచూ వినబడే పేరిది. తెల్లవారుజామున 10 డిగ్రీల లోపు ఉండే ఇనుప రేకు, మే నెల మధ్యాహ్నం 60 దాకా కాలుతుంది. 50 డిగ్రీల తేడాకి ఇరవై అడుగుల రేకు మూడున్నర మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. దీన్నంతా ఓర్చుకోవాల్సింది స్క్రూ కింద ఉండే చిన్న రబ్బరు వాషర్! డ్రిల్ మిషన్‌తో గిర్రున బిగిస్తే అది నలిగి పక్కకి వచ్చేస్తుంది, ఎండకి పగులుతుంది, వానకి కారుతుంది. వదులుగా వదిలేస్తే గాలికి రేకు కొట్టుకుని రంధ్రం పెద్దదవుతుంది. ఆ తర్వాత ఒక గాలిదుమారం చాలు. లేచిపోయిన రేకు ఎవరి మీద పడుతుందో ఎవరు చెప్పగలరు?

మరి మేస్త్రీ ఎందుకు చూసుకోడు? మనం అతనికిచ్చేది చదరపు అడుగుల లెక్క కాబట్టి. ఎంత త్వరగా అయితే అంత కూలి. కోడ్ లైన్లు లెక్కపెట్టి జీతమిస్తే ఏం జరుగుతుందో మనకి ఒకరు చెప్పాలా?

ఈ తొందర ఖరీదు ఒంటి మీదా పడుతుంది. అమెరికాలో నెయిల్ గన్ దెబ్బలతో ఏడాదికి సుమారు 37 వేలమంది ఎమర్జెన్సీకి వెళ్తున్నారని అక్కడి ప్రభుత్వ సంస్థలు 2011లో ఇచ్చిన గైడ్‌లో రాశాయి. ట్రిగ్గర్ నొక్కిపట్టి, ముక్కు తగిలించిన ప్రతిచోటా మేకు దిగే రకం గన్‌లతో ప్రమాదం రెట్టింపు. ఒక్కో మేకుకీ విడిగా ట్రిగ్గర్ నొక్కాల్సిన రకం వాడమని ఆ గైడే చెప్పింది. అది కాస్త నిదానం. అంతే.

కాబట్టి ఈసారి "మిషనా, చెయ్యా?" అని అడక్కండి. మేస్త్రీకి రోజుకూలి లెక్కన ఇవ్వండి. ప్రతి వరసలో నాలుగైదు మేకుల తలలు నిచ్చెనెక్కి చూడండి. ప్రొడక్షన్‌కి పంపేముందు నాలుగుసార్లు టెస్ట్ చేసేవాళ్ళం, సొంతింటి గోడకి ఆ మాత్రం చెయ్యలేమా?