పసుపు దీపం ఆర్పే ముందు

శ్రీశైలం ప్రయాణానికి ముందురోజు అచ్చంపేటలో మా కారు చక్రాలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాం. లింగాల చేరేలోపే మీటర్లో పసుపు దీపం! గిన్నెలాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. "రీసెట్ నొక్కితే పోతదిలే" అన్నారు మావారు. నేనే వద్దన్నాను.

ఎందుకంటారా? కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేస్తాం కదా, అందులో అప్పటికే పప్పుంటే లెక్క ఏమవుతుంది? ఇదీ అంతే. మాలాంటి కార్లు చక్రాలు తిరిగే వేగాన్నిబట్టి గాలి తగ్గిందని పసిగడతాయి. రీసెట్ నొక్కినప్పుడు ఎంత గాలి ఉంటే అదే సరైనదనుకుంటాయి.

పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగా గాలి చూపించాం. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీ ప్రకారం 33 పాయింట్లుండాలి. వెనక ఎడమవైపు టైరులో 24! మేకు దిగింది. అలాగే వెళ్తే మన్ననూరు దాటాక ఆ అడవిలో, ఈగలపెంట మలుపుల్లో మా గతి? పంక్చర్ వేయించి, నాలుగింటికీ గాలి కొట్టించి, అప్పుడు నొక్కాం. తర్వాత కాసేపు నడిపితేగాని కారు కొత్త లెక్క నేర్చుకోదు.

టైరు లోపలే సెన్సారుండే కార్లూ ఉన్నాయి. ఏ చక్రం ఎక్కడికి మారిందో వాటికి తెలిపే పద్ధతి వేరు, కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. మా పుస్తకం కవరు విప్పింది మాత్రం నేనేనండోయ్!