గుడి కట్టిన చేతులు

పుష్య బహుళ పంచమి వచ్చిందంటే మనకు తిరువయ్యారు గుర్తుకు వస్తుంది. కావేరి ఒడ్డున మన భాషలో పాడిన మహానుభావుని తలచుకొని పొంగిపోతాము. మంచిదే. అయితే ఆ పొంగులో ఒక్క ప్రశ్న మాత్రం వేయము. త్యాగరాజస్వామి సమాధిపై ఆ మందిరాన్ని కట్టించినదెవరు?

కొందరికి పేరు తెలుసు: బెంగళూరు నాగరత్నమ్మగారు. "మహాభక్తురాలండీ! స్వామి కలలో కనిపించారట" అని ముగిస్తారు. నా తగవంతా ఆ ముగింపుతోనే. కల గురించి చెప్పేవారు ఖర్చు గురించి చెప్పరు. భక్తి గురించి చెప్పేవారు వృత్తి గురించి చెప్పరు. ఆమె దేవదాసి. ఆ ఒక్కమాట దగ్గరకు వచ్చేసరికి మన గొంతు పెగలదు.

జరిగినది ఇది. స్వామి 1847లో సిద్ధి పొందారు. కాలక్రమాన సమాధి శిథిలమైంది. శిష్యపరంపరవారు 1903లో ఒకసారి బాగుచేయించారు. తరువాత ఆరాధనలు మొదలైనాయి, ఆరాధకులు రెండు పక్షాలుగా చీలి పోట్లాడుకోవడమూ మొదలైంది. సమాధి దుస్థితిని గురువు బిడారం కృష్ణప్పగారి వలన తెలుసుకొన్న నాగరత్నమ్మగారు 1921లో పని తలకెత్తుకున్నారు. పాడి గడించిన సొమ్మూ, ఒంటిమీది నగల సొమ్మూ అందులో పోశారు. మందిరం లేచింది.

తీరా, తాను కట్టించిన గుడి ఎదుట, ఆ ఉత్సవంలో, తాను పాడరాదన్నారు! ఆడవారికి ఆ అర్హత లేదట. ఆమె తలవంచుకొని పోలేదు. 1927లో గుడి వెనుకవైపున స్త్రీలతో వేరుగా ఆరాధన నడిపించారు. 1940-41 నాటికి పక్షాలన్నీ ఏకమైన తరువాత గాని స్త్రీల గొంతుకు అక్కడ చోటు దొరకలేదు.

ఇది మనకే ప్రత్యేకమైన పాపం కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్కు నగరపు హార్లెంలో కాటన్ క్లబ్బు అని ఒకటుండేది. నల్లవారు వాయించాలి, నల్లవారు ఆడాలి; కూర్చుండి చూచే హక్కు మాత్రం తెల్లవారిది. 1926లో అదే హార్లెంలో సవాయ్ బాల్‌రూం తెరచుకుంది. అక్కడ చిక్ వెబ్ బృందం జాజ్ వాయిస్తే, ఎల్లా ఫిట్జెరాల్డ్ పాడితే, నల్లవారూ తెల్లవారూ ఒకే నేలపై నర్తించారు. 1958లో దానిని మూసివేసి, పడగొట్టి, ఇళ్ళ సముదాయం కట్టారు. 2002లో ఆ చోట ఒక స్మారక ఫలకం పెట్టారు. అక్కడ కట్టడం పోయింది. అయినా ఆ సంగీతం ఎవరిదో చెప్పడానికి చరిత్రకారులు సిగ్గుపడలేదు. ఇక్కడ కట్టడం నిక్షేపంగా ఉంది, మనకే సిగ్గు!

"కళకు కులమేమిటి మాస్టారూ? ఆ సంగతి ఇప్పుడెందుకు?" అని అడిగే పెద్దమనుషులున్నారు. అయ్యా, పాడనీయకుండా అడ్డగించిననాడు పుట్టుక చూశారు. ఘనత పంచవలసిననాడు చూడవద్దంటున్నారు. ఇదేమి న్యాయం? దేవదాసీలు, కలావంతులు తరతరాలుగా కాపాడిన సంగీతనాట్యాలను శాస్త్రీయమని నెత్తిన పెట్టుకున్నాము. వారి మేళం పేరును మాత్రం మన ఊళ్ళలో తిట్టుగా మిగిల్చాము.

మా పండితవర్గం చేసినది ఇంకా ఘోరం. తంజావూరు ఆస్థానకవయిత్రి ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని నాగరత్నమ్మగారే 1910లో సంపూర్ణంగా పరిష్కరించి ప్రకటించారు. వీరేశలింగంగారు ఆ కవయిత్రిని సిగ్గులేనిదన్నారు. పురుషులు వ్రాస్తే శృంగారం, స్త్రీ వ్రాస్తే బూతా అని నాగరత్నమ్మగారు నిలదీశారు. ఆ ప్రశ్నకు మావారి వద్ద సమాధానం లేకపోయింది. 1911లో సర్కారువారి నిషేధం మాత్రం వచ్చింది. ఆ నిషేధం తొలగినది టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న 1946-47 నాటి ప్రభుత్వ కాలంలో.

ఆ పంతులుగారి పేరు పెట్టుకున్న జిల్లాలోనే నా ఉద్యోగమంతా గడిచింది. పొదిలి పిల్లలకు త్యాగరాజు గొప్పతనాన్ని ఏటేటా చెప్పాను. ఆ గుడి కట్టిన చేతులెవరివో ఒక్క ఏడాదీ చెప్పలేదు. తెలియక కాదు. తరగతిలో ఆ మాట ఎలా పలకడమా అని జంకి. కాబట్టి ఈ నింద పడవలసినవారిలో మొదటివాణ్ణి నేనే.

నాగరత్నమ్మగారు 1952లో కన్నుమూశారు. ఆమె సమాధి స్వామి సమాధికి ఎదురుగానే ఉంది. ఈసారి ఆరాధనకు వెళ్ళేవారు వెనుదిరిగి ఆ వైపు కూడా ఒక నమస్కారం చేయండి. ఆరాధన గురించి వ్రాసేవారు కల సంగతి వ్రాసినా మానినా, దేవదాసి నాగరత్నమ్మ తన నగలమ్మి కట్టించిన గుడి అని ఒక్క వాక్యం వ్రాయండి. నేను పలకలేకపోయిన మాట అదే. ఇప్పుడు పలికాను.