పంటికి లేదు ‘శ్రీ’రక్ష

* ముందస్తు పరీక్షలకు వర్తించని బీమా
* నొప్పి ముదిరాకే వైద్యుడి వద్దకు

నల్లగొండ: దవడ ఎముక విరిగినా, నోటిలో క్యాన్సర్ కణితి బయటపడినా ఆరోగ్యశ్రీ అక్కరకు వస్తుంది. పంటిలో చిన్న గుంత పడిందేమో చూపించుకుందామంటే మాత్రం జేబులోని సొమ్మే దిక్కు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఈ పథకం చికిత్స పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచింది. పరిమితి పెరిగినా పథకం స్వరూపం మారలేదు. ఆసుపత్రిలో చేరి పొందే పెద్ద చికిత్సలకు ఉద్దేశించినది కావడంతో పళ్ల పరీక్ష, శుభ్రపరచడం, గుంతలకు సిమెంటు నింపడం వంటివి దాని పరిధిలోకి రావు.

ప్రైవేటు బీమా పాలసీలదీ ఇదే తీరు. ప్రమాదంలో గాయపడితే తప్ప దంత వైద్యానికి అవి సాధారణంగా చెల్లించవు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ ఎత్తివేసినా, పంటి ఖర్చు పాలసీలోకి వచ్చింది లేదు. అదే రోజు టూత్‌పేస్టుపై పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. పళ్లకు దక్కిన ఊరట అంతవరకే.

ఫ్లోరైడ్ మరకల చాటున..

మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో ఈ లోటు మరింత బాధిస్తోంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రమాణం. అంతకు మించిన బోరు నీరు తాగి ఇక్కడ తరాలు పెరిగాయి. పంటిపై పింగాణీ పొర బాల్యంలోనే ఏర్పడుతుంది కనుక, మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు వచ్చినా అప్పటికే పడిన గోధుమరంగు మరకలు జీవితాంతం ఉంటాయి. మరక వేరు, పుచ్చు వేరు. అయితే నల్లగా కనిపించిన ప్రతిదాన్నీ ‘ఫ్లోరైడ్ పళ్లు’ అని వదిలేయడం అలవాటుగా మారింది. ఆ మరకల చాటున పుచ్చు లోతుకు దిగుతుంది. రెండింటినీ వేరు చేసి చెప్పగలిగేది వైద్యుడొక్కడే.

భయం ఫీజుకు కాదు

వైద్యుడి ఫీజు సాధారణంగా ఒక రోజు కూలీకి మించదు. 2025-26లో ఉపాధి హామీ దినసరి వేతనం రూ.307. నిరుపేదను వెనక్కి లాగేది ఆ ఫీజు కాదు, కుర్చీలో కూర్చున్నాక వైద్యుడు చెప్పబోయే లెక్క. గుంత నింపడం వందల్లో తేలుతుంది. అది నరం దాకా పోతే రూట్ కెనాల్, పైన తొడుగు కలిపి వేలల్లో అవుతుంది. అదీ ఒక్క రోజులో ముగిసేది కాదు. వచ్చిన ప్రతిసారీ పని పోతుంది, బస్సు చార్జీ అదనం. దీంతో లవంగం, మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొచ్చి చివరకు పన్ను పీకించుకుంటున్నారు. ముందే చూపించుకుంటే వందల్లో పోయేదన్న సంగతి తెలియక కాదు. ఆ వందలు చేతిలో ఉన్న రోజున నొప్పి ఉండదు.

దారులు ఉన్నా..

ప్రభుత్వ దంత వైద్యం బొత్తిగా లేకపోలేదు. 2014-15లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం కింద ఆసుపత్రులకు దంత వైద్య కుర్చీలు, సామగ్రి సమకూరుస్తున్నారు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో ఓపీకి రుసుము లేదు. నార్కట్‌పల్లిలో దంత వైద్య కళాశాల ఉంది. విద్యార్థుల శిక్షణకు రోగులు అవసరం కనుక ఇటువంటి కళాశాలల్లో రుసుములు సాధారణంగా ప్రైవేటు క్లినిక్‌ల కన్నా తక్కువే. మర్రిగూడ నుంచి అంత దూరం రావడానికి పూట గడిచిపోవడమే చిక్కు.

పిల్లల విషయం కొంత నయం. 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లాలి. అవి చూడాల్సిన 30 రకాల సమస్యల్లో పళ్ల వ్యాధులూ ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండితే ఆ తలుపు మూసుకుంటుంది.

అయితే 30 ఏళ్లు పైబడిన వారికి ఊళ్లలోని ఆరోగ్య ఉపకేంద్రాల్లో నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. అందుకు సిబ్బంది ఎలాగూ నోరు తెరిపించి చూడాలి. అప్పుడే పుచ్చులను, వాచిన చిగుళ్లను కూడా రాసుకుని పెద్దాసుపత్రికి చీటీ ఇస్తే కొత్త పథకమేమీ అక్కర్లేదు. క్యాన్సర్ పరీక్ష నమోదు పత్రంలో ఒక గడి చేర్చడం జిల్లా వైద్యారోగ్య శాఖకు పెద్ద పనేమీ కాదు.